‘ఓల్డ్ సాల్ట్’ పొగడ్తా, వెక్కిరింతా? నాన్న బోర్డు గోడకి కొట్టాలా వద్దా?

గాజువాక_గాలి (చర్చ మొదలుపెట్టినవారు)

మా నాన్న 34 ఏళ్ళు ఓడల్లో పనిచేశారు. కలాసీగా ఎక్కి బోసన్‌గా, అంటే డెక్ మీద కలాసీల పెద్దగా, దిగారు. పోయిన నెల చివరి కాంట్రాక్ట్ పూర్తయి సైన్ ఆఫ్ అయ్యేటప్పుడు ఓడలో కుర్రాళ్ళు ఒక చెక్క బోర్డు ఇచ్చి పంపారు. చుట్టూ సన్నటి తాడుతో అంచు, మధ్యలో ఇత్తడి అక్షరాలతో ‘ఓల్డ్ సాల్ట్’ అని ఉంది.

ఇంటికొచ్చాక చిన్న విందు పెట్టుకున్నాం. మా బావ ఆ బోర్డు ఎత్తి పట్టుకుని, అందరికీ వినబడేలా "ముసలి ఉప్పు!" అని చదివాడు. ఇల్లంతా నవ్వులే. నాన్న కూడా నవ్వారు. మర్నాడు చూస్తే బోర్డు బీరువా వెనకాల ఉంది, అక్షరాలు గోడవైపు.

అడిగితే "ఏదో పిల్లలు ముచ్చటపడి ఇచ్చార్లే" అంటారు తప్ప ఇంకో మాట రాదు. నేను నెట్‌లో వెతికితే ఇలాంటివి బోలెడు దొరికాయి. సీ డాగ్, జాక్ టార్, షెల్‌బ్యాక్, బార్నకిల్ బ్యాక్. కుక్క, తారు, తాబేలు చిప్ప, ఓడ అడుగున అంటుకునే గుల్ల. 34 ఏళ్ళు పనిచేసిన మనిషిని గౌరవించే పద్ధతి ఇదేనా? ఓడ ఎక్కినవాళ్ళు చెప్పండి. గట్టు మీదవాళ్ళు కూడా చెప్పొచ్చు, కానీ ఎక్కలేదని ముందే చెప్పి చెప్పండి.

రెండో_ఇంజినీర్

మీ బావగారికి ఒక్క వారం ఇంజిన్ రూమ్‌లో డ్యూటీ వేయించాలండీ.

పొగడ్తే. అందులో అనుమానం అక్కర్లేదు. నైరుతి వానల కాలంలో అరేబియా సముద్రం దాటుతుంటే ముక్కు నుంచి వెనక దాకా డెక్ అంతా తుంపరే. అది ఒంటి మీదే ఆరిపోతుంది. సాయంత్రానికి కనుబొమల మీద, చెవుల వెనక తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. చొక్కా విప్పి మేకుకి తగిలిస్తే అట్టలా నిలబడుతుంది. ఆ ఉప్పు ఏళ్ళ తరబడి ఒంట్లోకి ఇంకిన మనిషి అని ఆ మాటకి అర్థం. ‘ఓల్డ్’ అంటే అక్కడ ముసలి కాదు, పాతకాపు అని.

దీనికి ఎదురు మాట ‘ల్యాండ్ లబ్బర్’. చాలామంది ‘ల్యాండ్ లవర్’ అనుకుంటారు, అది తప్పు. లబ్బర్ అంటే చేతకాని మొద్దు. తెరచాప ఓడల్లో స్తంభం మధ్యలో ఒక అరుగులాంటిది ఉండేది. దాని మీదికి ఎక్కడానికి రెండు దారులు. స్తంభాన్ని ఆనుకుని ఒక కంత, అందులోంచి భద్రంగా దూరిపోవచ్చు. రెండోది అంచు బయటి నుంచి. తాళ్ళు పట్టుకుని, వీపు సముద్రంవైపు వేలాడేలా వెనక్కి వంగి ఎక్కాలి. పనితనం ఉన్నవాడు బయటి నుంచే ఎక్కేవాడు. ఆ కంతకి ‘లబ్బర్స్ హోల్’ అని పేరు. అందులోంచి దూరితే ఆ ట్రిప్పంతా నవ్వులే.

అలాంటి మనుషుల నోట ‘సాల్ట్’ అనిపించుకోవడం చిన్న విషయం కాదు. గోడకి కొట్టండి.

తర్జుమా_తంటాలు

ఓడ ఎక్కలేదు. భీమిలి నుంచి యారాడ దాకా గట్టు మీద నడిచాను, అంతే. మాటలు మాత్రం నా వృత్తి.

ఇంజినీర్‌గారితో నేను ఏకీభవించను. ఈ మాటలు ఎవరిని ఉద్దేశించి పుట్టాయో చూడండి. ‘టార్’ తీసుకుందాం. జనపనార తాళ్ళు కుళ్ళకుండా పైన్ చెట్ల తారు పట్టించేవాళ్ళు. వాటిని లాగే చేతులు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. తారు పట్టించిన గుడ్డతోనే టోపీలు, కోట్లు కుట్టుకునేవాళ్ళు. ఆ గుడ్డ పేరు టార్పాలిన్. మన దగ్గర కళ్ళంలో వడ్లు తడవకుండా కప్పే టార్పాలిన్ కూడా అదే మాట. ఆ గుడ్డ కట్టుకున్న మనిషిని కూడా టార్పాలిన్ అన్నారు, తర్వాత టార్ అని కత్తిరించారు. మన ఊళ్ళో ఒకణ్ణి ‘గోనెపట్టా’ అని పిలిచినట్టు.

ఇక దీని వెనక పెద్ద తగాదానే ఉంది. 17వ శతాబ్దంలో, రెండో చార్లెస్ కాలంలో, ఇంగ్లండ్ నౌకాదళంలో రెండు రకాల కెప్టెన్లు ఉండేవాళ్ళు. రాజుగారి దర్బారులో పలుకుబడితో ఓడ సంపాదించుకున్న ‘జెంటిల్‌మన్’ ఒక రకం. చిన్నప్పటి నుంచి తాళ్ళు లాగి, అంచెలంచెలుగా పైకొచ్చిన ‘టార్పాలిన్’ రెండో రకం. పని తెలిసినవాడికి తారుగుడ్డ పేరు, పని రానివాడికి దొరబాబు పేరు. నౌకాదళ వ్యవహారాలు చూసే శామ్యూల్ పెపిస్ ఈ గొడవ పడలేక 1677లో లెఫ్టినెంట్ పదవికి పరీక్ష పెట్టించాడు. మూడేళ్ళు సముద్రం మీద పనిచేసి ఉండాలి, ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ఎంత గొప్పింటి కొడుకైనా సరే.

కాబట్టి ‘టార్’లో మెచ్చుకోలు ఉంటే ఉండొచ్చు, కానీ అది పైనుంచి కిందికి చూసే మెచ్చుకోలు. "మా వంటమనిషి చెయ్యి బంగారం" అన్నట్టు. ఇక్కడ బోర్డు ఇచ్చింది ఎవరో చూడాలి. ఆఫీసర్లా, కలాసీలా?

గాజువాక_గాలి

మంచి ప్రశ్న. నాన్న చెప్పిన దాన్నిబట్టి థర్డ్ ఆఫీసర్ పూనుకుని చేయించాడు. వయసు 24. నాన్నతో ఇది అతని రెండో ఓడ. డబ్బులు అందరూ వేసుకున్నారు, కుక్‌తో సహా.

రెండో_ఇంజినీర్

@తర్జుమా_తంటాలు, పుట్టుక సరే, ఎదుగుదల చూడరా? మీరు చెప్పిన టార్పాలిన్ల లోంచే క్లౌడ్స్‌లీ షావెల్ అనేవాడు కుర్రాడిగా ఓడెక్కి అడ్మిరల్ దాకా వెళ్ళాడు. తిట్టు బిరుదుగా మారడం సముద్రం మీద కొత్తేం కాదు. 1566లో నెదర్లాండ్స్‌లో స్పెయిన్ పాలనకి ఎదురు తిరిగినవాళ్ళని ‘బిచ్చగాళ్ళు’ అని ఎగతాళి చేశారు. వాళ్ళు ఆ పేరే తగిలించుకున్నారు. 1572 ఏప్రిల్ 1న ‘సముద్రపు బిచ్చగాళ్ళు’ బ్రిల్లె రేవుని పట్టేసుకున్నారు. ఈరోజుకీ డచ్చివాళ్ళు ఆ పేరు గర్వంగానే చెప్పుకుంటారు.

తర్జుమా_తంటాలు

షావెల్ పేరు ఎత్తారు కాబట్టి మిగతా సగం కూడా చెప్పండి. 1707 అక్టోబరులో అదే అడ్మిరల్ తన నౌకల్ని ఇంగ్లండ్ పక్కనున్న సిల్లీ దీవుల రాళ్ళ మీదికి తీసుకెళ్ళాడు. నాలుగు ఓడలు మునిగాయి, వెయ్యికి పైగా మనుషులు పోయారు, ఆయన కూడా పోయాడు. అప్పట్లో సముద్రం మీద రేఖాంశం లెక్కగట్టే నమ్మకమైన పద్ధతి లేదు. ఎంత ఉప్పు ఇంకితే ఏం లాభం? 1714లో పార్లమెంటు రేఖాంశం కనిపెట్టినవాడికి బహుమతి ప్రకటించింది. ఆ సంగతి తేల్చింది హారిసన్ అనే గడియారాల పనివాడు, అసలు నావికుడే కాదు. అనుభవాన్ని ఊరికే నెత్తిన పెట్టుకోవద్దని నా గోల.

రెండో_ఇంజినీర్

మాట దారి తప్పుతోంది. ఆ రోజు ఎవడున్నా మునిగేవాడే. మాట గౌరవమా కాదా అన్నదే ఇక్కడ ప్రశ్న.

గట్టుమీద_గోపి

ఓడెక్కలేదు. సీ డాగ్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? అది ఎలిజబెత్ రాణి కాలంలో డ్రేక్, హాకిన్స్, ఫ్రోబిషర్ లాంటి ఇంగ్లిషు నావికులకి వచ్చిన పేరు. డ్రేక్ 1577 నుంచి 1580 దాకా ప్రపంచం చుట్టొచ్చాడు, దారి పొడుగునా స్పెయిన్ ఓడల్ని దోచాడు. ఇంగ్లండ్‌కి వీరుడు. స్పెయిన్‌వాళ్ళకి ‘ఎల్ డ్రాకె’, వాళ్ళ లెక్కలో బందిపోటే. హాకిన్స్ అయితే 1562లో ఆఫ్రికా నుంచి మనుషుల్ని పట్టుకెళ్ళి కరీబియన్‌లో అమ్మాడు. వాళ్ళ కుక్క వాళ్ళకి ముద్దు. కరిపించుకున్నవాణ్ణి అడిగితే వేరే మాట చెబుతాడు.

అందుకే ఎవరు ఎవరిని అంటున్నారు అన్నది తప్ప మాటలో ఏమీ ఉండదని నేను అంటాను.

బర్మా_మనవరాలు

గోపిగారి మాటకి మా ఇంటి కథ ఒకటి.

గోదావరి సముద్రంలో కలిసేచోట, యానాం పక్కన కోరంగి ఉంది. ఇప్పుడు మడ అడవులు చూడ్డానికి వెళ్తున్నారు గానీ, ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. బర్మాకి అక్కణ్ణుంచే ఓడలు వెళ్ళేవి. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ ఊరిని ఊడ్చేసింది. ఊరు పోయింది, పేరు మాత్రం రంగూన్‌లో మిగిలింది. అక్కడ తెలుగువాడు ఎవడు కనబడినా ‘కోరంగీ’.

మా తాత రంగూన్ రేవులో మూటలు మోశాడు. సొంతూరు శ్రీకాకుళం దగ్గర ఒక పల్లె. జన్మలో కోరంగి చూడలేదు. ఆయన్ని ఓడలవాళ్ళు, మిల్లులవాళ్ళు అందరూ కోరంగీ అనే పిలిచేవాళ్ళట. పక్క మూటవాడు పిలిస్తే పలికేవాడు. మేస్త్రీ పిలిస్తే ఒళ్ళు మండేదట. 1942లో జపాన్‌వాళ్ళు వచ్చాక కొండలూ అడవులూ పడి నడిచొచ్చాడు. ఇక్కడికొచ్చాక ఊళ్ళోవాళ్ళు ఆయనకి పెట్టిన పేరేంటో తెలుసా? ‘బర్మా’. దానికి మాత్రం చచ్చేదాకా మురిసిపోయాడు.

ఆ బోర్డు మీ నాన్నగారికి ఓడలో అందింది. చదివింది మాత్రం డైనింగ్ టేబుల్ దగ్గర, బావ. చిక్కంతా అక్కడే వచ్చిందనుకుంటా.

డెక్‌క్యాడెట్_తమ్ముడు

అందరికీ నమస్తే. ఓడ ఎక్కాను, అయిదు నెలలు అయింది. షెల్‌బ్యాక్ గురించి నేను చెప్తాను, ఎందుకంటే నేనే షెల్‌బ్యాక్‌ని 😎

భూమధ్యరేఖ దాటనివాణ్ణి పాలీవాగ్ అంటారు, అంటే తోకకప్ప. మొదటిసారి దాటేటప్పుడు ఒకాయన గడ్డం పెట్టుకుని, చేతిలో త్రిశూలం పట్టుకుని నెప్ట్యూన్ మహారాజు వేషంలో వస్తాడు. నాకు జుట్టు అడ్డదిడ్డంగా కత్తిరించి, గ్యాలీలో (ఓడ వంటగదిలో) మిగిలిన చేపల నీళ్ళు, గ్రీజు, పసుపు కలిపి నెత్తిన పోశారు. మూడు రోజులు వాసన పోలేదు. తర్వాత సర్టిఫికెట్ ఇచ్చారు. అమ్మ లామినేషన్ చేయించింది.

ఈ తంతు పాతదే. డార్విన్‌కి కూడా 1832 ఫిబ్రవరిలో బీగిల్ ఓడ మీద చేశారు. మొహానికి తారు, రంగు పూసి, ఇనప పట్టీ ముక్కతో గీకి, నీళ్ళలోకి తోసేశారు.

రెండో_ఇంజినీర్

తమ్ముడూ, అభినందనలు. కానీ "నేనే షెల్‌బ్యాక్‌ని" అని నువ్వే చెప్పుకుంటే ఎలా? అయిదు నెలలకే చిప్ప మొలిచిందా?

బ్రిటిష్ నావికుల యూనిఫామ్‌కి నీలం కాలర్ ఉంటుంది. ఉతికే కొద్దీ వెలిసిపోతుంది. లేతగా ఉంటే పాతకాపు అని లెక్క. కొత్తగా చేరిన కుర్రాళ్ళు కావాలని ఆ కాలర్‌ని మళ్ళీ మళ్ళీ ఉతికి, బ్లీచ్ పెట్టి తెల్లబరుచుకునేవాళ్ళు. నీ సర్టిఫికెట్ అలాంటిది. అమ్మకి చూపించు, డెక్ మీద చూపించకు.

పచ్చబొట్లకీ ఇలాంటి లెక్కలే ఉండేవి. అయిదు వేల మైళ్ళకి ఒక పిచ్చుకలాంటి పిట్ట, భూమధ్యరేఖకి తాబేలు, కేప్ హార్న్ చుట్టొస్తే అన్ని తెరచాపలూ ఎత్తిన ఓడ. కేప్ హార్న్ అంటే దక్షిణ అమెరికా కొస. పడమటి గాలికి ఎదురెక్కి దాన్ని దాటాలంటే తెరచాప ఓడలకి వారాలు పట్టేది. 1914లో పనామా కాలువ తెరిచాక అటు పోయే పని తగ్గింది. ఆ దారిన వెళ్ళినవాళ్ళు 1937లో ఫ్రాన్స్‌లోని సాఁ-మాలోలో ఒక సంఘం పెట్టుకున్నారు. సరుకు మోసే తెరచాప ఓడలో కేప్ హార్న్ దాటి ఉంటేనే చేరనిచ్చేవాళ్ళు. విహారానికి పడవేసుకుని వెళ్తే చెల్లదు. కెప్టెన్‌గా దాటినవాడికి ‘ఆల్బట్రాస్’ అని పేరు, ఆ పెద్ద రెక్కల పక్షి పేరు. కొత్తవాళ్ళు పుట్టే అవకాశమే లేదు కదా, ఉన్నవాళ్ళు పోతూ వచ్చారు. 2003లో సంఘం మూసేశారు. బిరుదు అంటే అదీ. ఇచ్చేవాళ్ళు కూడా దాటినవాళ్ళే అయ్యుండాలి.

డెక్‌క్యాడెట్_తమ్ముడు

ఓకే సార్. లామినేషన్ మాత్రం తీయను 🙏

భీమిలి_పిల్ల

ఓడెక్కలేదు, ఎక్కాలని ఉంది. ఇంతసేపు చదివాను, ఒక్క ఆడమనిషి కూడా కనబడలేదు. మీ సాల్టులూ డాగులూ అందరికీ నెరిసిన గడ్డం, నోట్లో పైపు.

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి మన నౌకాదళం పడవ తారిణి బయల్దేరింది. పొడవు 17 మీటర్లు, తెరచాప పడవ. లోపల ఆరుగురూ ఆడవాళ్ళే. వర్తికా జోషి నాయకురాలు. అందులో ఇద్దరు తెలుగువాళ్ళు, విశాఖపట్నం నుంచి స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య బొడ్డపాటి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మీదుగా వెళ్ళి, 2018 జనవరిలో కేప్ హార్న్ దాటి, మే 21న తిరిగొచ్చారు. 254 రోజులు. ఇంజినీర్‌గారి సంఘంవాళ్ళు చేర్చుకోరు, సరుకు మోయలేదు కాబట్టి. అయినా అడుగుతున్నాను, వీళ్ళు ఓల్డ్ సాల్టా కాదా? వయసు లెక్కా, మైళ్ళ లెక్కా?

రెండో_ఇంజినీర్

సాల్టే. నా కన్నా ఎక్కువ సాల్ట్. నేను ఏసీ కంట్రోల్ రూమ్‌లో కూర్చుని భూమధ్యరేఖ దాటాను, కాఫీ కూడా తొణకలేదు. ఈ విషయంలో ఓడిపోయాను.

గట్టుమీద_గోపి

ఇదేదో రాసి పెట్టుకోవాలి. ఇంజినీర్‌గారు ఓడిపోయాననడం ఈ వేదికలో మొదటిసారి.

తర్జుమా_తంటాలు

అయితే నా అసలు గొడవకి వస్తాను. బావగారి తప్పేంటి? ఉన్న మాట ఉన్నట్టు తెలుగు చేశాడు. తెలుగులో అది పండలేదు.

ఒక్కో భాష ఈ మనిషిని ఒక్కో జంతువు చేసుకుంది. ఫ్రెంచివాళ్ళకి సముద్రపు తోడేలు. ఇటలీ, స్పెయిన్, రష్యా వాళ్ళకీ తోడేలే. జర్మన్లకి సముద్రపు ఎలుగుబంటి. ఇంగ్లిషులో కుక్క. తెలుగులో కుక్క అంటే తిట్టు, ఎలుగుబంటి అంటే గుడ్డెలుగు, తోడేలు అయితే మరీ అన్యాయం. ఉప్పు కూడా మనకి వేరే పనులకి వాడుకలో ఉంది. ఉప్పు తిన్న విశ్వాసం, ఉప్పూకారం తినే పౌరుషం. అనుభవానికి మనం ఉప్పు వాడం. మనకి తల పండుతుంది. కాకలు తీరతాయి. ఢక్కామొక్కీలు తింటాం. నాలుగు చెరువుల నీళ్ళు తాగుతాం, చూడండి, అక్కడా మంచినీళ్ళే!

మరి మన రేవుల్లో మాటలు లేవా అంటే ఉన్నాయి. సరంగు. తండేలు. కలాసీ. 2025లో సినిమా వచ్చాక తండేలు అందరి నోటా పడింది గానీ, గుజరాత్ వైపు వేటకెళ్ళే మన శ్రీకాకుళం మత్స్యకారులకి అది రోజువారీ మాట, పడవ పెద్ద అని. సరంగు అంటే ఓడలో కలాసీల పెద్ద. ఆ మాట పారసీ ‘సర్‌హంగ్’ నుంచి వచ్చింది, సేనాధికారి అని. బ్రిటిష్ ఓడల్లో మన నావికుల్ని పిలిచిన ‘లస్కర్’ అనే మాట ‘లష్కర్’ నుంచి వచ్చింది, సైన్యం అని. సికింద్రాబాద్‌ని లష్కర్ అంటాం కదా, లష్కర్ బోనాలు అంటాం కదా, అదే మాట. 1811లోనే థామస్ రోబక్ కలకత్తాలో ఒక నిఘంటువు అచ్చేశాడు, తెల్ల ఆఫీసర్లు ఈ నావికులకి హిందుస్తానీలో హుకుములు ఇచ్చుకోడానికి. సరంగు కింద అతని సహాయకుడు టిండాలు, సామాను చూసే కసాబు, చుక్కాని పట్టే సుకానీ. అందరికీ హోదాలున్నాయి. ముద్దుపేర్లు మాత్రం లేవు.

ఒప్పందాలు కూడా వేరు. లస్కర్లకి ‘ఆసియాటిక్ ఆర్టికల్స్’ అని విడిగా రాసేవాళ్ళు. తెల్ల నావికుడి జీతంలో వీళ్ళది చిన్న వంతు. ఒకే తుఫాను, ఒకే డెక్కు, ఒకే ఉప్పు. ఒకడు ‘ఓల్డ్ సాల్ట్’, పక్కవాడు ‘లస్కర్’. నాకు గుచ్చుకునేది ఇది. ఈరోజు ఒక తెలుగు బోసన్‌కి ఆ ఇంగ్లిషు మాట ఇత్తడి అక్షరాల్లో ఇచ్చారంటే, అది పై మెట్టు ఎక్కడమా, మన మాట పోగొట్టుకోవడమా?

జాలరిపేట_కుర్రాడు

నేను ఓడ కాదు, ఫైబర్ బోటు. ఇప్పుడు వేట నిషేధం కాబట్టి ఖాళీగా ఉండి ఇదంతా చదువుతున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మాకు గట్టే.

పెద్ద మాటలు వద్దు. మా దగ్గర సరంగు అంటే బోటు నడిపేవాడు. వాటా ఎక్కువ, తిట్లు కూడా ఎక్కువ. వల ఖాళీగా వస్తే అందరూ సరంగునే అంటారు. కుర్ర సరంగులూ ఉన్నారు, పదేళ్ళైనా పని రాని సరంగులూ ఉన్నారు. కాబట్టి సరంగు అంటే గౌరవం అని మీరు అనుకోవద్దు.

గౌరవం ఇవ్వాలంటే మావాళ్ళు ఒకటే మాట అంటారు. "ఆడికి సంద్రం తెలుసు." అంతే. మా పెదనాన్నని అలా అనేవాళ్ళు. జీపీఎస్ రాకముందు ఆయన డాల్ఫిన్ నోస్ కొండనీ, వెనకాల దూరంగా ఉన్న ఇంకో కొండనీ ఒక వరసలోకి తెచ్చేవాడు. పక్కకి తిరిగి ఇంకో రెండు గుర్తులు చూసుకునేవాడు. ఈ రెండు గీతలూ కలిసేచోట లంగరు వేయమనేవాడు. కింద రాయి ఉండేది, రాయి దగ్గర చేప ఉండేది. మేం జీపీఎస్‌లో పాయింటు పెట్టుకుని ఒకసారి వెళ్ళి చూశాం. వచ్చాక "మీ డబ్బా బానే చెప్పింది, కాకపోతే కాస్త దక్షిణానికి పోయింది" అన్నాడు.

కాకినాడ_కాజా

కుర్రాడి మాట నిజం. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది గుర్తుందా? చాలా లోతులో, సుడిలో చిక్కుకుంది. దాన్ని అక్టోబరు 22న బయటికి లాగింది మా కాకినాడ ధర్మాడి సత్యం బృందం. ఇనప తాళ్ళు, లంగర్లు, పొక్లెయిను, దానికి తోడు ఏళ్ళ అనుభవం. నది కాస్త తగ్గేదాకా ఆగారు, తాడు తెగితే మళ్ళీ వేశారు. ఆ రోజుల్లో టీవీలన్నీ ఆయన చుట్టూనే. ఎవరైనా ఆయనకి కుక్కో తోడేలో పేరు పెట్టారా? ధర్మాడి సత్యం అన్నారు. పేరే బిరుదు అయిపోయింది.

గట్టుమీద_గోపి

కానీ అందరి పేర్లూ అలా నిలవవు కదండీ. మిగతా బృందంలో ఎవరి పేరు చెప్పగలరు మీరు?

కాకినాడ_కాజా

...సరే.

మోడరేటర్

సినిమా గురించిన ఆరు జవాబులు, హీరో అభిమానుల గొడవ వేరే చోటికి మార్చాను. ఇక్కడ ఓడల సంగతే.

గాజువాక_గాలి

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి ఈ చర్చంతా నాన్నకి చదివి వినిపించాను. ఇంజినీర్‌గారు చెప్పిన ఉప్పు అట్ట చొక్కా దగ్గర తలూపారు. సికింద్రాబాద్ లష్కర్ దగ్గర "ఓహో" అన్నారు. క్యాడెట్ తమ్ముడి చేపల నీళ్ళ దగ్గర బాగా నవ్వారు, తనకి కుళ్ళిన గుడ్లు కూడా కలిపారట.

పాలుపోక సూటిగానే అడిగాను, "బావ అన్న మాటకి బాధపడ్డారా?" అని.

"వాడికేం తెలుసురా" అని లేచి వెళ్ళి బీరువా వెనక నుంచి బోర్డు తీసుకొచ్చారు. చుట్టూ తాడు చూపించారు. కింద మధ్యలో ముడి వేసి ఉంది, ఎవరూ పట్టించుకోనంత చిన్నది. "ఇది చూడు. రీఫ్ నాట్ వేయబోయి గ్రానీ నాట్ వేశారు. లాగితే జారిపోద్ది. నా చేతికింద పనిచేసిన పిల్లలు ముడి తప్పేశారు, దాన్ని తీసుకొచ్చి హాల్లో పెట్టుకుంటే ఎవరైనా ఓడవాడు వస్తే నాకేగా సిగ్గు!"

అదండీ సంగతి. ఇంతమందిమి ఇన్ని శతాబ్దాలు తవ్వాం. (గ్రానీ నాట్ అంటే ముసలమ్మ ముడి. తప్పు ముడికి ముసలమ్మ పేరు పెట్టారని భీమిలి_పిల్ల గారు గమనించగలరు.)

తర్జుమాగారి ప్రశ్న కూడా అడిగాను, సరంగు అని రాసి ఉంటే బాగుండేదా అని. వెంటనే వద్దన్నారు. "సారంగ్ అంటే మా మొదటి ఓడ సారంగ్. నేనెలా అవుతాను?" అన్నారు. ఆయన రత్నగిరి వైపు మనిషట. బరువులు లాగే వించ్ మోత వినగానే లోపల ఏ పన్ను అరిగిందో చెప్పేవాడట. తాడు మీద బరువు పెరుగుతుంటే అది చేసే సన్నటి చప్పుడుని బట్టి తెగబోతోందని కనిపెట్టి, నాన్నని మెడ పట్టుకుని వెనక్కి లాగాడట ఒకసారి. తాడు తెగి, నాన్న నిలబడ్డ చోట రైలింగ్‌ని వంచేసింది. నాన్నకి అప్పుడు 23. ఈ కథ మా ఇంట్లో ఎవరికీ ఇంతవరకు తెలీదు.

ఆయన పేరేంటి అని అడిగాను. చాలాసేపు ఆలోచించారు. "సారంగ్ అనే పిలిచేవాళ్ళం" అన్నారు.

డెక్‌క్యాడెట్_తమ్ముడు

అంకుల్‌కి నా నమస్కారాలు చెప్పండి. మరి బోర్డు ఏమైంది? పెట్టారా?

గాజువాక_గాలి

పెట్టారు. ముడి విప్పి మళ్ళీ వేసుకున్నారు. హాల్లో కాదు, పెరట్లో మోటారు స్విచ్ పక్కన, తన పనిముట్లు పెట్టుకునే చోట. థర్డ్ ఆఫీసర్‌కి కొత్త ముడి ఫోటో తీసి పంపించమన్నారు, దగ్గర నుంచి, రెండు వైపులా. పంపించాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, ఇంకా జవాబు రాలేదు.